మా ఊరి సీసీ రోడ్డు బిల్లు ఎక్కడ ఆగింది: నా అనుభవం

నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లోని మా ఊళ్లో 2024లో మొదలైన సీసీ రోడ్డు సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా సగంలో కంకర పోసి వదిలేయడంతో, వానలు పడేసరికి ఆ బాట నడకకు కూడా పనికిరాకుండా పోయింది. పక్కనే పాతిన బోర్డు మీద ఉపాధి హామీ పథకం పేరు, అంచనా వ్యయం 5 లక్షల రూపాయలు అని ఉంది. దాన్ని చూసి ‘అయిదు లక్షలొస్తే సగం మింగిండ్రు’ అని ఊరంతా తేల్చేసింది. కానీ బోర్డు మీది అంకె వచ్చిన డబ్బు కాదు; పనికి ఇంత కావచ్చునని ఇంజనీర్లు వేసిన లెక్క. అందులో ఎంత పని జరిగింది, దానికి ఎంత చెల్లించారు అన్నవి వేరే కాగితాల్లో ఉంటాయి. వాటి కోసమే నేను బయలుదేరాను.

పంచాయతీ కార్యదర్శిని అడిగితే ‘బిల్లు పైకి పోయింది సార్, పైసలు పడలేదు’ అన్నాడు. ఉపాధి హామీలో కూలి డబ్బు నేరుగా కూలీల ఖాతాల్లో పడుతుంది. సిమెంటు, ఇసుక, కంకరలకయ్యే సామగ్రి ఖర్చులో మాత్రం అప్పటి నిబంధనల ప్రకారం కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరించాలి కాబట్టి ఆ చెల్లింపు రెండు వాటాల కోసం ఎదురుచూసేది. పైగా జిల్లా మొత్తం మీద సామగ్రి ఖర్చు 40 శాతం దాటకూడదన్న నిబంధన ఉండేది. సీసీ రోడ్డు ఖర్చంతా దాదాపు సామగ్రిదే కనుక ఇబ్బంది ఎక్కువగా ఈ పనులకే వచ్చేది. ఈ పథకంలో కాంట్రాక్టర్లు ఉండకూడదని అప్పటి చట్టం చెప్పినా, సిమెంటు అప్పు తెచ్చి పని నడిపించే మనిషి ఎవరో ఒకరు ఊళ్లో ఉండనే ఉంటారు. బిల్లు రాకపోతే ఆ అప్పుకు వడ్డీ కట్టుకునేదీ ఆయనే.

పథకం వెబ్‌సైటులో పని కోడ్ కొట్టి చూస్తే మస్టర్లు (కూలీల హాజరు పట్టికలు), కూలి చెల్లింపులు కనిపించాయి గాని కొలతలు కనిపించలేదు. దాంతో సమాచార హక్కు చట్టం కింద మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టాను. అంచనా ప్రతి, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఎం-బుక్కు (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, నిధుల బదిలీ ఉత్తర్వుల వివరాలు అడిగాను. 30 రోజుల గడువు ముగుస్తుండగా ‘పని పురోగతిలో ఉన్నది’ అని ఒకే ఒక్క వాక్యంతో జవాబు వచ్చింది. అది అడిగినదానికి సమాధానం కాదని మొదటి అప్పీలు వేసిన తరువాతే రికార్డులు చూసుకోవడానికి రమ్మన్నారు. సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డులనే కాదు, పనిని కూడా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు పౌరులకు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు.

అసలు విషయమంతా ఎం-బుక్కులో ఉంది. మీటర్లలో పొడవు 72.00, వెడల్పు 3.50, మందం 0.15, పరిమాణం 37.80 ఘనపు మీటర్లు అని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) రాసిన వరుస, దాని పక్కన తేదీ, సరిచూసినట్టుగా వేరే సిరాతో ఆయన పై అధికారి డీఈ సంతకం ఉన్నాయి. నకలు తెచ్చుకుని ఒక మేస్త్రిని వెంటబెట్టుకుని టేపు పట్టించాను. పొడవు, వెడల్పు సరిపోయాయి. మందం మాత్రం రోడ్డు ఆగిన అంచు దగ్గరే పైకి కనిపిస్తుంది. అక్కడ స్కేలు పెడితే మూలన 15 సెంటీమీటర్లు ఉంది, నడిమధ్యన కొంచెం తగ్గింది. లోపలి సంగతి కోర్ కటింగ్ చేస్తే, అంటే రోడ్డును గుండ్రంగా కోసి ముక్క బయటికి తీస్తే తప్ప తేలదు కాబట్టి ఆ మాటే రాసి, ఉపాధి పనులను ఊళ్లోకొచ్చి తనిఖీ చేసే సామాజిక తనిఖీ బృందానికి ఇచ్చాను.

లెక్క మొత్తం చూస్తే, రెండున్నర లక్షలు ఎవరూ మింగలేదు, ఎందుకంటే అవి రానేలేదు. జరిగిన పనికి బిల్లు తయారై, సామగ్రి నిధుల విడుదల కోసం అప్పటికి వరుసలో ఆగి ఉండింది. తరువాతి విడుదలలో ఆ మొత్తం పడింది, మిగతా రోడ్డూ పూర్తయింది. రెండో భాగం కొలతల నకలు కూడా తీసుకున్నాను.

రోడ్డు పక్కన మురుగు కాలువ మాత్రం ఇంకా పడలేదు. అది కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులతో చేయాల్సిన పని. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు ఆ నిధులు రాలేదు. పంచాయతీల పనులు, ఖర్చులు చూపే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో ఆ పని ప్రణాళికలో కనిపించింది, ఖర్చు దగ్గర మాత్రం సున్నా ఉంది. దాని గురించి కొత్తగా వేసిన దరఖాస్తులో ఎంత మంజూరైందని అడగలేదు. ఏ తేదీన ఎంత విడుదలైంది, ఏ ఖాతాలో పడింది అన్న రెండే ప్రశ్నలు రాశాను.