రెండు వైపులా రాణే ఉన్న పావు అణా: నా అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లో పాత రాగి సామాన్లలో విక్టోరియా పావు అణా దొరికింది. ఒకవైపు రాణి తల మామూలుగానే ఉంది. తిప్పి చూస్తే అదే తల కుడి ఎడమలు తారుమారై, లోపలికి దిగి ఉంది. బ్రొకేజ్, అంటే టంకశాలలోనే ఇలా తప్పుగా పడ్డ నాణెం! బంగారం కాటా మీద 6.3 గ్రాములు తూగింది. టంకశాల తూకం 6.47, అరిగిన నాణేనికి ఆ మాత్రం తరుగు ఉంటుంది.

చిక్కంతా నాణేల ఎగ్జిబిషన్‌లో ఒక డీలర్‌తో. భూతద్దం బయటికి తీయనే లేదు. "ముద్రించిన ఇయర్ లేదు కదండీ, ఎవరో వైస్‌లో (ఇనప బిగింపు పరికరం) బిగించి నొక్కారు. రాగి రేటుకైతే ఇచ్చెళ్ళండి" అని నలుగురిలో బల్ల మీదకి గిరాటేశాడు.

ఇయర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు కొట్టిన నాణెం ఊడకుండా, సంవత్సరం ఉన్న అచ్చుకే అతుక్కుపోయింది. తర్వాతి బిళ్ల మీద ఆ నాణెం ముఖమే పడింది. అంచున 'క్వీన్' అని ఉంది కాబట్టి 1877కి ముందుది. ఆ ఏడాది నుంచి 'ఎంప్రెస్'.

వైస్ పని పట్టుకోవాలంటే రెండో వైపు చూడాలి. మంచి నాణేన్ని ఇంకో నాణేనికి ఆనించి వైస్‌లో నొక్కితే అటువైపు ఉబ్బు రాణి ముక్కు, జడ చదునైపోతాయి. గుంట అడుగున పాత 'క్వార్టర్ అణా' అక్షరాల ఆనవాళ్లు మిగులుతాయి. దీపాన్ని పక్కవాటంగా పెట్టి పది రెట్లు పెద్దగా చూపే లూప్‌తో (చిన్న భూతద్దం) వెతకండి. నా దాంట్లో అడుగంతా నున్నగా ఉంది, ఇటు జడ పాయలు లెక్కపెట్టొచ్చు. అతుక్కున్న నాణెం జరక్కపోతే ఉబ్బు ముక్కుకి సరిగ్గా వెనకే గుంట ముక్కు వస్తుంది. అదే నాణెం ఇంకా దెబ్బలు తింటే సాగిపోతుంది, ఆ తర్వాత పడే బొమ్మలు పెద్దవై మసకబారతాయి. ఇంత స్పష్టంగా ఉందంటే మొదటి దెబ్బల్లోదే. రెండు నాణేలు అరగదీసి అతికించే ఘనులూ ఉన్నారు. వాటికి అంచులో గీత కనిపిస్తుంది, మోగిస్తే పగిలిన చప్పుడు వస్తుంది.

ఇవేవీ చూడని మనిషి అక్కడ బోర్డు కట్టుకుని కూర్చున్నాడు!

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్ చాలు. చింతపండుతో చెంబు తోమినట్టు తోమారో, రంగుతో పాటు ధరా పోతుంది. పీవీసీ కవర్లో పెడితే పచ్చటి జిగురు పడుతుంది, మైలార్ (పాలిస్టర్) కవరు కొనండి.