తోటలో కుళ్లిపోయే పండు

మా ఉద్దానంలో విలువంతా జీడిపిక్కదే. ఏప్రిల్‌లో పిక్క తీసుకుని జీడిమామిడి పండుని చెట్టు కిందే వదిలేస్తారు. రెండ్రోజుల్లో తోటంతా పులిసిన వాసన. విశాఖలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నాలుగేళ్లు చేసిన ఉద్యోగం మానేసి, 2022లో పలాస దగ్గర మా ఊరొచ్చి, ఆ పండుతో షర్బత్ చేసి అమ్ముతానన్నాను.

"నలుగురూ ఏటనుకుంతారే?" అంది అమ్మ. ఆ నలుగురూ అన్నారు కూడా. ఉద్యోగం ఊడిందన్నారు, ముందు పెళ్లి చేసెయ్యమన్నారు. మా పెదనాన్న అరుగు మీద అందరి ముందూ, "పశువులకేసే పండు మనుషులకి అమ్ముతావేటి? తాగితే గొంతు పట్టీదా?" అన్నారు. ఆ రాత్రి చాలా ఏడ్చాను. నెలరోజులు ఆ అరుగు ముందు నుంచి వెళ్లలేక, చెరువుగట్టు చుట్టూ తిరిగి తోటకి వెళ్లేదాన్ని.

ల్యాబ్‌లో ఏదైనా రాసుకునే అలవాటు. విన్న మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాశాను. పరువు గురించి, పెళ్లి గురించి అన్నవాటికి నేను చేయగలిగిందేమీ లేదు, కొట్టేశాను. 'గొంతు పట్టీదా' ఒక్కటే మిగిలింది. అది నిజం కూడా. ఆ పండులో వగరునిచ్చే టానిన్లు ఎక్కువ, గొంతులో గీరుతుంది. అంత బాధపెట్టిన మాటే నా మొదటి పని చూపించింది.

దారి సగ్గుబియ్యంలో దొరికింది. లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడి, కొద్ది నీళ్లలో జావలా ఉడికించి, చల్లార్చి కలపాలి. రాత్రంతా కదపకుండా ఉంచితే వగరు మడ్డితో పాటు అడుక్కి దిగిపోతుంది. పైన తేరిన రసం వంపుకుని పంచదార, నిమ్మ ఉప్పు కలుపుతాను. చెప్పడానికి ఇంతే, కుదరడానికి ఒక సీజనంతా పట్టింది. రాలిన పండు దెబ్బతిని వెంటనే పులుస్తుంది. మధ్యాహ్నం తెచ్చిన పండుతో చేసిన రసం ఎన్నిసార్లు పారబోశానో! చెట్టునే పండినవి తెల్లవారుజామున కోయించి, పిక్కలు రైతుకిచ్చేసి, ఉదయం పదిలోపే రసం తీయడం మొదలుపెట్టాకే నిలిచింది.

కాగితాల పనికి మాత్రం అనుకున్నంత కష్టపడలేదు. చిన్న వ్యాపారం కాబట్టి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలతో అయిపోయింది. చిన్న వ్యాపారాలకి కేంద్రం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం.

కష్టమైంది కాశీబుగ్గలో మొదటి దుకాణం మెట్లెక్కడం. లోపల మా ఊరివాళ్లు ఇద్దరున్నారు. సీసా సంచిలోంచి తీయలేక వెనక్కి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లి, ఏమీ మాట్లాడకుండా గ్లాసులో కలిపి ఇచ్చాను. దుకాణాయన తాగి, "గొంతు గీరలేదే!" అన్నారు. ఆరు సీసాలు ఉంచుకున్నారు.

ఇప్పుడు ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకం కింద రుణానికి పెట్టుకుంటున్నాను. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మన వాటా 10 శాతం ఉండాలి, అది కూడబెట్టాను.

అమ్మకి ఇంకా బెంగే. చుట్టాలొస్తే సీసాలు లోపలి గదిలో పెట్టేస్తుంది. కానీ నిన్న రాత్రి నేను పడుకున్నాక లేచి, తేరిన రసం మీద గుడ్డ కప్పి వెళ్లింది. పెదనాన్న తోటలో పండు ఈ వారం కోతకొస్తుంది. అడగడానికి రేపు ఆ అరుగు మీదకే వెళ్తున్నాను.