ఉల్లివేరులో మూడో ప్రాణి

ఈరోజు రెండో సంవత్సరం పిల్లలకు వేరు శిలీంధ్రాల ప్రయోగం చేయించాను. మా పెరట్లోని ఉల్లిమొక్కలు నాలుగు మట్టిగడ్డతో సహా తీసుకువెళ్లాను. వేర్లను కడిగి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేసి, కాస్త ఆమ్లంలో ముంచి, ట్రిపాన్ బ్లూ రంగు పట్టించేసరికి మధ్యాహ్నం అయింది. వేరు గాజులా తేటపడింది. లోపల శిలీంధ్రం మాత్రం నీలంగా మిగిలింది. కణం లోపల చిన్న చెట్టులా కొమ్మలు వేసిన ఆ రూపాన్ని ఎన్నేళ్లుగా చూస్తున్నా నాకు తనివి తీరదు. మొక్కకు భాస్వరం అందేదీ, శిలీంధ్రానికి చక్కెరలూ కొవ్వులూ అందేదీ అక్కడే.

వెనక బల్ల అమ్మాయి మైక్రోస్కోపు మీదనుంచి తలెత్తి, "మేడమ్, ఈ శిలీంధ్రం లోపల కూడా ఎవరైనా ఉంటారా?" అని అడిగింది. "ఏదైనా" అనలేదు, "ఎవరైనా" అంది. ఆ మాటకు నాకెంత సంతోషం కలిగిందో!

ఉంటారమ్మా అని మొదలుపెట్టి గంట కొట్టేదాకా ఆపలేదు. 1970లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త బార్బరా మాస్ ఇలాంటి వేరు శిలీంధ్రపు తేనెరంగు బీజాణువులను, అంటే విత్తనాల్లాంటి కణాలను, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలిస్తూ, లోపల బ్యాక్టీరియాలాంటి రూపాలను గుర్తించారు. ఈరోజు మేము వాడిన ట్రిపాన్ బ్లూ పద్ధతిని ఫిలిప్స్, హేమన్‌లు ప్రచురించిందీ ఆ ఏడాదే, ఆ సంస్థ నుంచే. అవి నిజంగా బ్యాక్టీరియాయేనని జన్యువుల ఆధారంగా తేలడానికి మాత్రం 1996 దాకా ఆగవలసి వచ్చింది. ఇటలీలోని టూరిన్‌లో పావొలా బోన్‌ఫాంతె బృందం గిగాస్పోరా మార్గరీటా అనే శిలీంధ్రంలో ఆ పని చేసింది. మార్గరీటా అంటే ముత్యం. దాని బీజాణువు తెల్లగా, కంటికి చుక్కలా ఆనేంత ఉంటుంది. ఆ ఒక్క చుక్కలో సుమారు 20,000 బ్యాక్టీరియా కాపురముంటాయి! గ్లోమెరిబాక్టర్ అని పేరు పెట్టారు గాని, విడిగా పెంచడం సాధ్యం కాలేదు కనుక ఆ పేరుకు ముందు క్యాండిడేటస్ అన్న మాట ఉంటుంది.

నన్ను కదిలించేది ఇకముందు సంగతి. బ్యాక్టీరియా లేకుండా చేసినా శిలీంధ్రం చావదు, వేరులోకి వెళ్లగలదు కూడా. అయితే వేరు దొరకకముందు, మట్టిలో ఒంటరిగా వెతుక్కునే దశలో, దాని తంతువులు అంతగా సాగవు. బ్యాక్టీరియా ఉన్నప్పుడు శిలీంధ్రపు మైటోకాండ్రియాలు ఎక్కువ శక్తిని తయారుచేస్తాయని 2016 నాటికి తెలిసింది. బ్యాక్టీరియాకు మాత్రం శిలీంధ్రం లేనిదే గతి లేదు. చాలా అమైనో ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు. ఆ ఇంటినే నమ్ముకుని, బీజాణువు వెంట తరంనుంచి తరానికి వెళ్తుంది. దారిఖర్చుకు తోడుగా వెళ్లే ఇంటిమనిషి అనిపిస్తుంది నాకు.

మా ఉల్లివేరులో ఉన్నది ఏ జాతి శిలీంధ్రమో, దానిలో ఈ చుట్టం ఉందో లేదో మా మైక్రోస్కోపు చెప్పదు. అందుకే రికార్డులో కళ్లతో చూసిందే గీయమన్నాను. సాయంత్రం పుస్తకాలు దిద్దుతుంటే ఆ అమ్మాయిది వచ్చింది. బొమ్మ ఉన్న పేజీలో నీలి కొమ్మలు ఒద్దికగా ఉన్నాయి. ఎడమవైపు ఖాళీ పేజీలో పెన్సిలుతో పెద్ద గుండ్రం, దాని నిండా చుక్కలు. కింద "ఇంకా చూడలేదు" అని రాసుకుంది. రెండు పేజీల్లోనూ సంతకం పెట్టాను.