నేల మీద నేర్చుకున్న తీసివేతలు: మూడో తరగతితో నా అనుభవం

52లోంచి 37 తీసేయమంటే మా మూడో తరగతిలో చాలామంది 25 అని రాసేవాళ్లు. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచి 2 తీసేసేవాళ్లు. వాళ్లకు 52 ఒక సంఖ్యగా కనిపించడం లేదు, పక్కపక్కన ఉన్న రెండు అంకెలుగానే కనిపిస్తోంది. బోర్డు మీద ఎంత చెప్పినా అదే వరస. చివరికి వరండాలో సుద్దతో 0 నుంచి 20 దాకా సంఖ్యారేఖ వేయించాను. ఒక కర్రముక్కను కొలతగా ఇచ్చి పిల్లలతోనే గీతలు గీయించాను. గీతల మధ్య దూరం సమానంగా లేకపోతే ఆ రేఖకు అర్థమే లేదు.

12 మీద నిలబడి 5 గంతులు వెనక్కి వేయమన్నాను. చాలామంది 8 దగ్గర ఆగిపోయారు. నిలబడ్డ చోటునే ‘ఒకటి’ అని లెక్కపెట్టడం వల్ల వచ్చిన తేడా అది. వైకుంఠపాళి ఆడేటప్పుడు చిన్నపిల్లలు చేసేదీ ఇదే. నోటుబుక్కులో 8 కనిపిస్తే ఇంటూ కొట్టి ఊరుకుంటాం. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతోందో కళ్లముందే తెలిసిపోయింది. కాలు గీత మీద ఆనాకే అంకె పలకాలని నియమం పెట్టాక మెల్లగా సర్దుకుంది.

పెద్ద సంఖ్యల కోసం గ్రౌండులోకి వెళ్లాం. పదుల దగ్గర మాత్రమే ముగ్గుతో గీతలు వేశాం. పదికి ఒక పరుగు, ఒకట్లకు మడమకు వేళ్లు ఆనించి వేసే అడుగులు. 52 దగ్గర నిలబడ్డ ఒక పాప రెండడుగులు వేసి 50 చేరింది, మూడు పరుగుల్లో 20కి వచ్చింది, ఇంకో ఐదడుగులు వేసి 15 అంది. ఈ దారి నేను చెప్పింది కాదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నడవడం కష్టమైన బాబు ఒకడున్నాడు. వాడి కోసం బెంచీ మీద అదే రేఖ గీసి, చింతగింజను జరపమన్నాను. మిగతావాళ్లూ దాని చుట్టూ చేరారు. గ్రౌండు నుంచి నోటుబుక్కుకు రావడానికి ఆ బెంచీయే మాకు మధ్యమెట్టు అయింది.

గోల గురించి పక్క క్లాసు టీచరమ్మ బాధపడ్డారు, అందుకని ఇంటర్వెల్ ముందు పీరియడ్‌కు మార్చుకున్నాం.

పాఠం మధ్యలో కాసేపు చప్పట్లు కొట్టించి గెంతిస్తే పిల్లలకు నిద్రమత్తు వదులుతుంది, మంచిదే. కానీ దానివల్ల తీసివేత రాదు. కదలికలోనే లెక్క ఉండాలి. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో, 1 నుంచి 10 వరకు అంకెలున్న గళ్ల ఆట ఆడిన పిల్లలకు ఏ సంఖ్య ఎంతో అన్న అవగాహన పెరిగింది. గళ్లలో అంకెలకు బదులు రంగులున్న ఆట ఆడినవాళ్లకు పెరగలేదు.

ఇప్పుడు 40లోంచి 17 లాంటి లెక్కలకు ఎక్కువమంది గ్రౌండు అడగడం లేదు, నోటుబుక్కులోనే చిన్న రేఖ గీసుకుంటున్నారు. వందలు దాటిన వాటికి మాత్రం ఇంకా బెంచీ, చింతగింజలే.