కుంకుమరంగు చీర నల్లగా ఎందుకుంది?

విజయనగరం వెళ్లింది పెళ్లికే. ఆ పెళ్లి భోజనాలూ ఊరేగింపూ నాకిప్పుడు సరిగా గుర్తులేవు. గుర్తున్నదల్లా మా చిన్నమ్మమ్మ ఇంటి హాల్లో కొత్తగా తగిలించిన ఫోటో, దాన్ని చూడగానే నాకు వచ్చిన కోపం.

అప్పటికే చిరాగ్గా ఉన్నాను. విశాఖ నుంచి తగరపువలస దాకా బస్సులో నిలబడే వచ్చాను. విజయనగరంలో దిగాక బస్టాండు కాంప్లెక్సు నుంచి కోట దగ్గరికి ఆటోకు నూట ఇరవై. ఇదేం అన్యాయం అంటే "పెళ్లిళ్ల రోజులు కదమ్మా" అన్నాడు.

ఫోటోలో ఉన్నావిడ చిన్నమ్మమ్మకు నాయనమ్మ. 1900 ప్రాంతంలో తీయించారని ఇంట్లో చెప్పుకుంటారు. బాగుచేయమని ఇస్తే ఒక స్టూడియోవారు కంప్యూటర్‌లో ముఖానికి గులాబి రంగు, చీరకు ముదురు నీలం పులిమారు. ముక్కు కింద వేలాడే బులాకిని మరక అనుకున్నారు కాబోలు, తుడిచేశారు. తరాల తరబడి ఆ ఇంటివాళ్లు చూసిన నగ ఒక్క పూటలో పోయింది.

"పాతది ఉందా అమ్మమ్మా?"

"బీరువాలో ఉంది. ఇక అక్కర్లేదన్నారు గానీ పారేయడానికి నాకు మనసొప్పలేదు."

దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను. వెనక రంగుల తెర, పక్కన ఎత్తైన బల్ల, దాని మీద ఆవిడ చెయ్యి. ఆ రోజుల్లో కదిలితే బొమ్మ చెదిరిపోయేది. అందుకే చేతికి ఆనుకునేందుకు ఏదో ఒకటి ఇచ్చేవారు, కొన్ని స్టూడియోల్లో తల కదలకుండా వెనక ఇనుప కొక్కెం కూడా పెట్టేవారు. అలా బిగుసుకున్న ముఖం చూసి ఆవిడ కోపిష్టి అనో, దిగులుగా ఉందనో అనుకోవడం నాకు నచ్చదు. నేను నమ్మేది బట్టలనూ నగలనే. మెడకు అంటుకుని పట్టెడ, దాని కింద కాసులపేరు, చెవి నుంచి జుట్టులోకి చెంపసరాలు, దండకు వంకీ. రవిక చేతులు భుజం దగ్గర బుట్టల్లా ఉబ్బి, మోచేతి దగ్గర బిగిశాయి. 1890లలో ఐరోపా స్త్రీల గౌన్లకు అలాంటి చేతులే ఉండేవి. ఆ ఫ్యాషన్ ఓడలెక్కి మన కుట్టుపనివాళ్ల దాకా వచ్చింది. ఇంట్లో చెప్పుకునే కాలానికి ఆ రవికే సాక్ష్యం.

"మరి నల్ల చీర కట్టుకుందేమిటి?" అని పక్కనున్న పిల్ల అడిగింది.

చిన్నమ్మమ్మకు కోపం వచ్చింది. "నలుపా? కుంకుమరంగు చీర అది, ఆకుపచ్చ అంచు. చిరిగిపోయాక ఆ అంచే కోసి నా పరికిణీకి కుట్టారు."

ఆవిడ చెప్పిందే నిజం. అప్పట్లో ఫోటో తీసే గాజు ప్లేట్లకు నీలిరంగు వెలుగే బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. 1851లో వచ్చిన, పూసిన రసాయనం ఆరకముందే వాడాల్సిన తడి కొలోడియన్ ప్లేటుదీ, తర్వాతి మామూలు పొడి ప్లేట్లదీ అదే గుణం. ఎరుపు నల్లగా, లేత నీలం తెల్లగా పడేవి. పసుపు కూడా ముదురుగానే వచ్చేది. అంటే పసుపు రాసుకుని కూర్చున్న ముఖం ఫోటోలో అసలుకన్నా నల్లగా కనిపిస్తుంది. నుదుట కుంకుమ నల్లబొట్టు అవుతుంది. బంగారమూ కళ తప్పుతుంది. అందుకే తొలినాళ్లలో పరదేశపు ఫోటోగ్రాఫర్లు వెండిపూత రాగి పలక మీద తీసిన ఫోటోల్లో నగల చోట సన్నటి కుంచెతో బంగారు చుక్కలు పెట్టేవారు. ఇవేవీ తెలియకుండా నలుపును నీలం చేసి, ముఖం తెల్లబరిస్తే అది బాగుచేయడం ఎలా అవుతుంది?

ఫోటోలోని ఆవిడ స్టూడియో దాకా రావడమే పెద్ద సంగతని నాకనిపించింది. 1892లో హైదరాబాదులో పేరున్న ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ స్త్రీల కోసమే జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాల్సివచ్చింది. పరాయి మగవాడి ఎదుట కూర్చోవడం అంత కష్టం. ఇంతా చేస్తే మా ఫోటో అట్ట వెనక ఉన్నది ఆవిడ భర్త పేరు. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

"అయితే మళ్లీ ఇచ్చి ఎరుపు వేయించు," అంది చిన్నమ్మమ్మ.

వద్దన్నాను. పాత ఫోటోనే గోడకు పెడదాం అన్నాను.

"నా తర్వాత వచ్చేవాళ్లు, మా నాయనమ్మ నల్ల చీర కట్టుకుని ఫోటో తీయించుకుందనుకోవాలా?"

ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి అట్ట వెనక అతికించేందుకు కాగితం తీసుకుని, ఆవిడ చెబుతుంటే రాశాను. ముందు పేరు, తర్వాత చీర రంగు, అంచు, ఆపైన బులాకి మొదలు ఒక్కో నగా. సంతకం పెట్టి కలం మూయబోతుంటే చిన్నమ్మమ్మ ఆపింది.

"కాసులపేరు మాత్రం తోడికోడలిది. ఫోటో కోసం అడిగి పెట్టుకుందట. అదీ రాయి."