"నేనెవరో చెప్పు నాన్నా" అని అడగడం మానేశాక

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కువగా తెనాలి–రేపల్లె రూటు. చిల్లర లెక్క ఎన్నడూ తప్పని మనిషి, ఒకే రోజు పాలవాడికి రెండుసార్లు డబ్బులిచ్చారు. వయసు కదా అనుకున్నాం. మా సందు మర్చిపోయి పక్క వీధిలో నిలబడిపోయిన రోజున గాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు.

ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు రాశారు. వాటిలో తేడా ఉన్నా మతిమరుపు వస్తుందట, అదైతే మందులతో సర్దుకోవచ్చట. నాన్నకు అవి బాగానే ఉన్నాయి. తర్వాత గడియారం బొమ్మ గీయమన్నారు. నాన్న అంకెలన్నీ ఒకే పక్కకి కుక్కేసి, ముల్లు ఎక్కడ పెట్టాలో తెలీక నా వైపు చూశారు. స్కాన్ కూడా చూశాక అల్జీమర్స్ అన్నారు. మాత్ర కొంతకాలం పనికొస్తుంది గాని జబ్బు నయం కాదని దాచకుండా చెప్పారు. ఇంట్లో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు.

పొద్దున్నే నా ప్రశ్నలు మొదలయ్యేవి. "ఇవాళ ఏ వారం? టిఫిన్ ఏం తిన్నావు? నేనెవరో చెప్పు?" అడుగుతూ ఉంటే జ్ఞాపకం నిలుస్తుందని నా ఆశ. చుట్టాలదీ అదే వరస: "బావా, నేనెవరో చెప్పుకో చూద్దాం!" నాన్న మొహమాటంగా నవ్వేవారు. వాళ్లు వెళ్లాక గంటసేపు నోరు విప్పేవారు కాదు. ఇప్పుడు ఎవరొచ్చినా గుమ్మంలోనే చెప్పేస్తాను, "మీ పేరు మీరే చెప్పండి, అడగొద్దు" అని. నేనూ గదిలోకి వెళ్తూనే "నాన్నా, పెద్దమ్మాయిని, కాఫీ తెచ్చా" అంటాను. ఒక్కోరోజు మా మేనత్త అనుకుని "చెల్లాయ్" అంటారు. పలుకుతాను.

అమ్మ విషయం ఇంత తేలిక కాలేదు. "మీ అమ్మ ఏదీ?" అంటే, "అమ్మ పోయి మూడేళ్లయింది కదా" అన్నాను. ఆయనకది అప్పుడే అందిన కబురు. "నాకెందుకు చెప్పలేదే? ఆఖరి చూపుకైనా పిలవరా?" అని ఏడ్చారు. కొరివి పెట్టింది ఆయనే. పది నిమిషాలకు మళ్లీ "మీ అమ్మ ఏదీ?" ఇప్పుడు "అమ్మ గుర్తొచ్చిందా? గోంగూర పచ్చడి ఎలా నూరేది నాన్నా?" అంటాను. అక్కణ్ణించి ఆయనే అందుకుంటారు. ఇది మాట దాటేయడమే అంటాడు మా తమ్ముడు. నెలకోసారి ఫోన్ చేసేవాడు ఏమైనా అంటాడు.

సాయంత్రం అయిదు దాటితే నాకు టెన్షన్. "డ్యూటీకి టైమైంది, బ్యాగ్ ఏదీ?" అంటూ చెప్పులేసుకుంటారు. "రిటైరయ్యావుగా" అన్నప్పుడల్లా గొడవే, ఒకసారి చెయ్యి కూడా ఎత్తారు. ఇప్పుడు చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, టీవీ కట్టేసి, పాత తోలు సంచి చేతికిస్తాను. "ఇవాళ ఏ రూటు?" అంటే చాలు, జంపని, వేమూరు, భట్టిప్రోలు అంటూ స్టేజీలు వరసగా చెప్తారు. పొద్దుటి ఇడ్లీ గుర్తుండదు, ఇవి ఎలా ఉన్నాయని డాక్టర్ని అడిగాను. కొత్త సంగతుల్ని దాచిపెట్టే భాగం ముందు దెబ్బతింటుందట, పాతవి ఇంకొన్నాళ్లు మిగులుతాయట.

ఒక వారం రాత్రంతా అరిచారు, నన్ను దొంగ అన్నారు. జబ్బు ముదిరిందనుకున్నాను. తీరా చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్, మందు వాడాక మళ్లీ మామూలయ్యారు. మనిషి ఉన్నట్టుండి మారిపోతే ముందు డాక్టరుకి చూపించండి, నాలాగా ఏడుస్తూ కూర్చోకండి.

స్నానం దగ్గర మాత్రం ఇప్పటికీ కుదరడం లేదు. "చేస్తావా?" అంటే వద్దంటారు. "నీళ్లు తోడాను, తువ్వాలు ఇదిగో" అంటే మూడు రోజులకోసారి లేస్తారు. నిన్న లేవలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, చొక్కా మార్చి వదిలేశాను.