మా పిల్లి షుగరు: పొద్దుటి అంకె చెప్పని సంగతి

మా చింటూకి షుగర్ అని తేలేసరికే ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది, అత్తగారిది. పిల్లులకీ షుగరేమిటని చుట్టాలు నవ్వారు గానీ, ఆవిడ మాత్రం "అన్ని నీళ్లు తాగుతుంటేనే అనుకున్నా" అన్నారు. వాడు మూడు పూటలా తింటూనే చిక్కిపోయాడు. వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి నడిచేవాడు. షుగర్ ఎక్కువై నరాలు దెబ్బతింటే పిల్లులు అలాగే నడుస్తాయట.

క్లినిక్‌లో చూస్తే 380. అయినా డాక్టర్ గారు వెంటనే ఇన్సులిన్ రాయలేదు. పిల్లులకి భయం వేసినా షుగర్ 300 దాటిపోవచ్చట. బుట్టలో పెట్టి, ఆటోలో తిప్పి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెట్టాక వచ్చిన అంకె మరి! అందుకని ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించారు. మనకి హెచ్‌బీఏ1సీ మూడు నెలల సంగతి చెబితే, ఇది దాదాపు గత రెండు వారాల సంగతి చెబుతుంది. అదీ ఎక్కువే ఉంది.

గ్లార్జిన్ అనే ఇన్సులిన్ రాశారు, పన్నెండు గంటలకోసారి ఒక యూనిట్. సిరంజి విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మన మెడికల్ షాపుల్లో ఎర్ర మూతవి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, నారింజ మూతవి 100 యూనిట్లుండే దానికి. గ్లార్జిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లు. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒకటో గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు! నాలుగైదు కిలోల ప్రాణికి అది చాలా ప్రమాదం. షాపతను అడక్కుండానే ఎర్ర మూతవి తీసిచ్చాడు, మూత చూసి వెనక్కిచ్చాను. అర యూనిట్ గీతలున్న నారింజవి దొరికేదాకా తిరగాల్సి వచ్చింది.

చెవి అంచున సన్నటి రక్తనాళం ఉంటుంది. వేడినీళ్లలో పిండిన గుడ్డతో చెవిని కాసేపు వెచ్చబెట్టి పొడిస్తే చుక్క సులువుగా వస్తుంది. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో షుగర్‌ని సాధారణంగా కాస్త తక్కువగా చూపిస్తుంది. అందుకే మీటర్లు మార్చొద్దని, ఒక్కదానితోనే చూడమని అన్నారు.

రోజూ పొద్దున 330, 340 కనిపిస్తుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. డోసు పెంచమని అడగవేం అని మా ఆయన. డాక్టర్ గారు పెంచలేదు సరికదా, ఇంజెక్షన్ ముందు నుంచి సాయంత్రం ఇంజెక్షన్ దాకా రెండు గంటలకోసారి చూసి రాయమన్నారు. దీన్నే గ్లూకోజ్ కర్వ్ అంటారు. 340, 290, 210, 135, 120, 190, 310. మందు బాగానే పనిచేస్తోంది, కాకపోతే సాయంత్రానికి దాని బలం అయిపోతోంది. డోసు నిర్ణయించేటప్పుడు డాక్టర్ గారు ముందు చూసేది అన్నిటికంటే కిందికి దిగిన ఆ 120నే. పొద్దుటి 340 చూసి పెంచితే మధ్యాహ్నం 60 కిందికి జారి వణుకు, తూలడం, చివరికి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. అలా పడిపోయినప్పుడు ఒంట్లో హార్మోన్లు ఎగదోసి, తర్వాత షుగర్ మళ్లీ ఆకాశానికి వెళ్లడమూ ఉందట. అది ఎంత తరచుగా జరుగుతుందన్న దాని మీద డాక్టర్లకే ఒక మాట లేదు. ఏదేమైనా తూలితే చిగుళ్లకి రాయడానికి తేనె సీసా ఫ్రిజ్ పక్కనే పెట్టుకున్నాం.

అసలు యుద్ధం తిండి దగ్గర. పెరుగన్నం మానిపించడానికి వాడికంటే అత్తగారికే ఎక్కువ నచ్చజెప్పాల్సి వచ్చింది. పొడి గింజలూ తీసేసి, పిండిపదార్థాలు తక్కువున్న తడి తిండి పెట్టాం. ఇది డాక్టర్‌కి చెప్పకుండా చేయకూడదు. తిండిలో పిండి తగ్గితే పాత డోసే ఎక్కువైపోతుంది. తర్వాతి కర్వ్‌లో అడుగు అంకె 80కి వచ్చింది, డోసు అర యూనిట్‌కి దించారు.

తొలి నెలల్లోనే షుగర్ అదుపులోకి వస్తే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మా వాడికి ఇంకా పూటకి అర యూనిట్ నడుస్తోంది. నడక మాత్రం సరయింది, అల్మారా మీదికి ఎక్కుతున్నాడు.